మధ్యకు వచ్చిన ముల్లు

మా కారులో ఇంజను వేడిని చూపించే ముల్లు ఎనిమిదేళ్ల పాటు అడుగు గీత దగ్గరే ఉండేది. రోహిణి కార్తె ఎండల్లో కూడా ఆ గీత మీద ఒక బియ్యపు గింజంత పైకి లేచేది, అంతే. నాకది గర్వంగా ఉండేది. ఇతరుల బళ్లలో అదే ముల్లు సగానికి వచ్చి కూర్చోవడం చూసి, మాది చల్లటి బండి అని చెప్పుకునేదాన్ని. ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగమంతా భౌతికశాస్త్రం చెప్పిన మనిషిని. ఆ గర్వంలో ఏదో తేడా ఉండవచ్చని ఈ వేసవి వరకు నాకు అనుమానం రాలేదు. ఇప్పుడైనా అంతా తెలిసిపోయిందని చెప్పలేను.

శృంగవరపుకోటలో మాది ఒకే ఆవరణలో రెండు వాటాల ఇల్లు. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో మా పెద్దక్క, బావ ఉంటారు. పెద్దక్కను మేం అప్ప అని పిలుస్తాం, తమ్ముడికి నేను సిన్నప్పను. బావ కొత్తవలసలో రైల్వే ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. చూపు మందగించింది గానీ చేతులు ఇంకా ఊరుకోవు. కారు నడిపేది నేను. ఉద్యోగం ముగిశాక నేర్చుకున్నాను. అంతకు ముందే కొన్న బండి కావడం వల్ల కాగితాలు మా తమ్ముడి పేరున ఉన్నాయి. తమ్ముడు విజయనగరంలో ఉంటాడు.

ఆ కారు మాకు ఎందుకో చెప్పాలి. అప్పకు మోకాళ్లు అరిగిపోయాయి. బస్సు మెట్టు ఎక్కలేదు. ఆటోలో వంగి దూరలేదు. తమ్ముడి కారు పొడవాటిది, అందులోకి ఎక్కించాలంటే ఇద్దరు పట్టుకోవాలి. మా కారు ముందు సీటు అంచు నేలకు యాభై నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నేను టేపు పెట్టి కొలిచాను. ఆ ఎత్తు నుంచి అప్ప తలుపు పట్టుకుని తనంతట తాను కూర్చుంటుంది, తనంతట తాను లేస్తుంది. ఇంకే బండిలోనూ అలా కాదు. ఈ బండి పోతే అప్ప గుమ్మం దాటదు.

అదే బండి మార్చి నెలలో అనంతగిరి ఘాట్ మీద ఆగిపోయింది. అప్పకు కొండ గాలి ఇష్టం, అప్పుడప్పుడు తీసుకెళ్తుంటాను. ఆ రోజు తమ్ముడు కూడా ఉన్నాడు. సగం కొండ ఎక్కేసరికి ఎప్పుడూ కదలని ముల్లు ఒక్కసారిగా లేచి ఎర్ర గీత తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. అందరం దిగాం. అప్ప కల్వర్టు గోడ మీద కూర్చుంది. అది మరీ పొట్టి గోడ, మళ్లీ లేవలేకపోయింది. చివరికి తమ్ముడు, అటుగా వచ్చిన బస్సు కండక్టరు కలిసి చంకల్లో చేతులు పెట్టి లేపారు. అప్ప నవ్వుతూనే ఉంది గానీ తమ్ముడి ముఖం పాలిపోయింది.

"సిన్నప్పా, ఇంక సాలు. ఈ బండి అమ్మీద్దుం," అన్నాడు ఇంటికి వచ్చాక. "కొత్తవలసలో ఒకాయన అడుగుతన్నాడు. ఆదివారం వచ్చి సూసుకుంటాడు."

"మరి అప్పో?"

"అప్పకి ఏటైనా అయితే? అడివిలో ఆ గోడ మీద కూకోబెడతావేటి?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. శనివారం నాటికి బండి బాగుచేయించాలి. ఆ రోజు తమ్ముడే వెనక సీట్లో కూర్చుని కొండ ఎక్కుతాడు. వేడెక్కకపోతే కొత్తవలస ఆయన్ని రావద్దంటాడు. వేడెక్కితే నేను మారు మాట్లాడకుండా తాళాలు ఇచ్చేయాలి.

ఊళ్లో మెకానిక్కులను అడిగితే ఇంజను తల విప్పి చూడాలి, బండి రెండు వారాలు వదిలేయమన్నారు. నాకు అంత వ్యవధి లేదు. అప్పుడు బావ బానెట్ ఎత్తి, ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగి, చెవి ఆనించి విన్నట్టు నటించి తీర్పు చెప్పాడు.

"టెర్మోస్టాట్ పట్టీసింది మరదలా. మూసుకుపోయి తెరుచుకోడం నేదు. నీళ్లు రేడియేటర్లోకి ఎల్లడం మానీసినాయి. కొత్తది తెచ్చియ్యి, మనింట్లోనే మార్చీద్దుం. ఇద్దరు సాలు."

"నీకు కారు పని తెలుసా బావా?"

"రైలింజను తెలిసినోడికి కారేటే! మేకని కోసినోడికి కోడి కష్టమేటి?"

థెర్మోస్టాట్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, నీళ్లు తగినంత వేడెక్కాక తెరుచుకునే చిన్న తలుపు. లోపల మైనం ఉంటుంది, అది కరిగి వ్యాకోచిస్తే తలుపు తెరుచుకుంటుంది. వ్యాకోచం పాఠంలో పిల్లలకు చెప్పినదే. కానీ ఒక ప్రశ్న మిగిలింది. తలుపు మూసుకుపోతే ముల్లు చదును రోడ్డు మీద కూడా లేవాలి కదా? అక్కడ అడుగునే ఎందుకుంది? బావను అడిగితే, "అద్దో, పంతులమ్మ మొదలెట్టేసింది," అని కండువా దులుపుకున్నాడు.

బస్సెక్కి విజయనగరం వెళ్లాను. స్పేర్ పార్టుల దుకాణం ఆయన నా వయసు చూసి కుర్చీ వేశాడు.

"పాత సామాను తెచ్చినారా అమ్మా?"

"లేదండీ. ఇంకా విప్పలేదు."

"విప్పకండా కొనీస్తారేటి?" అంటూ లోపలికి పోయి చాలాసేపటికి ఒక పెట్టె తెచ్చాడు. దాని మీద దుమ్ము వేలికి అంటేలా ఉంది. "ఇదొక్కటే ఉన్నాది. మనవైపు దీన్ని ఎవలూ ఎయ్యించుకోరు తల్లీ. తీయించుకోడమే గాని."

"తీసేస్తే ఎలా?"

"మనకి మంచు పడతాదేటమ్మా? సలి దేశం వోలకి కావాలి గానీ ఈ ఎండల్లో ఇంజనుకి ఏటికి తలుపు? తీసీసి పడీడమే. నీళ్లు హాయిగా తిరుగుతాయి."

ఆ మాట వినగానే సబబుగా అనిపించింది. బస్సు విజయనగరం దాటేసరికి సబబుగా అనిపించడం మానేసింది. అక్కర్లేని వస్తువైతే కారు తయారుచేసేవాళ్లు ఎందుకు పెడతారు? అందరూ తీసేసేదైతే నేను ఎందుకు కొన్నాను? పెట్టె ఒళ్లో పెట్టుకుని అదే ఆలోచిస్తూ, శృంగవరపుకోటలో దిగాల్సిన చోటు దాటి తర్వాతి స్టాపులో దిగాను.

మర్నాడు పొద్దున్నే ఇంజను బాగా చల్లారి ఉండగా పని మొదలుపెట్టాం. రేడియేటరు కింది మర విప్పి నీళ్లు బేసినులోకి వదిలాం. టీ డికాషన్ రంగులో తుప్పు నీళ్లు వచ్చాయి. పై గొట్టం క్లిప్పు వదులు చేసి గొట్టం లాగాం. దాని మొదట్లో అరచేతిలో సగమంత లోహపు మూత, దానికి రెండు బోల్టులు. థెర్మోస్టాట్ ఆ మూత కింద కూర్చుంటుంది. ఒక బోల్టు వెంటనే వచ్చింది, రెండోది తుప్పు పట్టి కదల్లేదు. బావ దాని మీద కిరోసిన్ చుక్కలు వేసి, అప్ప ఇచ్చిన కాఫీ తాగి, మళ్లీ పానా పెట్టాడు. బోల్టు కీచుమంటూ తిరిగింది. మూత పక్కన చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేసి ఊడదీశాడు.

టార్చి వేసి నేను లోపలికి చూశాను. ఏమీ లేదు.

"బావా, ఇది కాదేమో. ఇంకో మూత ఉందేమో."

"ఇదే. నీకు కనిపించట్నేదు. జరుగు." తను వేలు పెట్టి తడిమాడు. వేలు నున్నగా లోపలికి వెళ్లి, నల్లటి మడ్డితో బయటికి వచ్చింది.

కొత్త థెర్మోస్టాట్ నా ఎడమ చేతిలో ఉంది. పాతది తీసి దీన్ని పెట్టాలి. పాతది లేదు. పట్టేసిందని మేం నిర్ధారణ చేసిన వస్తువు అసలు ఉండనే లేదు. మరి కొండ మీద పట్టేసినది ఏది? బావ నేనన్నది కాదన్నట్టు మళ్లీ మళ్లీ టార్చి వేసి చూస్తున్నాడు. ఇంజను లోపలికి జారిపోయిందేమో అన్నాడు. నేను అంత వెడల్పైన వస్తువు అంత సన్నని దారిలో జారదన్నాను. అరిగిపోయిందేమో అన్నాడు. ఇత్తడి సబ్బులా అరుగుతుందా అన్నాను.

వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అప్ప అడిగింది, "ఏటైపోనాది? ఏటెతుకుతన్నారు?"

"ఇలాంటిది," అని నేను కొత్తదాన్ని ఎత్తి చూపించాను. కింద స్ప్రింగు, మధ్యలో పళ్లెం, పైన వంతెనలా చిన్న బద్ద.

అప్ప కళ్లజోడు సర్దుకుంది. "అదా? అది నా తెరకి ఉన్నాది గదా."

ఇద్దరం అటు తిరిగాం.

"పెరటి గుమ్మం తెరే. ఈయన పొందూరు పంచె పాతదైపోతే కుట్టినాను. పలసన బట్ట, గాలికి ఎగిరి పొయ్యి మీద పడిపోయీది. అంచులో బరువుకి దీన్ని ఎట్టి కుట్టీసినాను." తర్వాత బావ వైపు చూసి గొంతు పెంచింది. "నువ్వే గదయ్యా ఇచ్చినావు! ఆ మెకానిక్కు, నువ్వు కలిసి పీకీసి, పెద్ద సేపని పట్టినట్టు తెచ్చి సూపించినావు నాకు. మరదలి బండి సల్లబరిసీసినాను, ఇంక జన్మలో వేడెక్కదు అన్నావు. మరిసిపోనావేటి?"

బావ పానా నేల మీద పెట్టాడు. "అది ఈ బండేనేటి?"

"మరి రైలింజనా?"

ఎనిమిదేళ్ల కిందట ఒకసారి బండి వేడెక్కిందని బావ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లడం నాకు గుర్తుంది. బాగైపోయింది అన్నాడు, నేను అడగలేదు. ముల్లు అప్పటినుంచే అడుగున ఉందన్నమాట. నేను ఇన్నాళ్లూ గర్వపడినది ఒక ఖాళీ గదిని చూసి. ఆ తెరను పక్కకు జరిపి రోజూ పెరట్లోకి వెళ్లేదాన్ని, దాని బరువు నా మోచేతికి తగిలేది కూడా.

కత్తెరతో కుట్లు విప్పాం. థెర్మోస్టాట్ కొద్దిగా పచ్చబడింది తప్ప కొత్తదానిలాగే ఉంది. రెండింటినీ పరీక్షించాలని నాకు పట్టుదల వచ్చింది. స్కూలు వదిలేటప్పుడు తెచ్చుకున్న ప్రయోగశాల థర్మామీటరు ఒకటి నా దగ్గరుంది.

"ఓలమ్మో, నా పాల గిన్నెలోనేటి? ఇనప ముక్కలు ఉడకెట్టి మళ్లీ అందులో పాలు కాసీమంటావా?" అని అప్ప అరుస్తూనే ఉంది. రెండింటినీ దారాలతో కట్టి నీళ్లలో వేలాడదీశాను, గిన్నె అడుగు తాకకుండా. థర్మామీటరు వాటి ఎత్తులోనే పట్టుకున్నాను. అరవై. డెబ్బై. ఎనభై దాకా రెండూ మూసుకునే ఉన్నాయి. కొత్తదాని మీద ఎనభై రెండు అని చెక్కి ఉంది. పాదరసం సరిగ్గా ఆ అంకె దాటుతుండగా కొత్తదాని పళ్లెం ఒక దారపు పోగంత దిగింది. మరుక్షణం పాతది కూడా దిగింది. తొంభై వచ్చేసరికి రెండూ పూర్తిగా తెరుచుకున్నాయి.

"అంటే పాతది బాగానే ఉంది," అన్నాను.

"ఉన్నాది," అన్నాడు బావ నీరసంగా.

"మరి అప్పుడు బండి ఎందుకు వేడెక్కింది?"

"నన్నేటి అడుగుతావే మరదలా!"

"ఇది తీసేశాక ఎందుకు తగ్గింది? తగ్గినది ఇప్పుడు కొండ మీద ఎందుకు పెరిగింది?"

"ముందు నా పాల గిన్నె నాకిచ్చీ," అంది అప్ప.

ఆ మధ్యాహ్నం వరండా గచ్చు మీద సుద్దముక్కతో నీళ్ల దారి బొమ్మ గీశాను. ఇంజను నుంచి రేడియేటరుకు ఒక పెద్ద దారి, రేడియేటరుకు పోకుండా మళ్లీ ఇంజనులోకే తిరిగిపోయే ఒక పక్కదారి. కొత్త థెర్మోస్టాట్ అడుగున రెండో పళ్లెం ఉంది. పైది తెరుచుకుంటే అడుగుది వెళ్లి ఆ పక్కదారిని మూస్తుంది. అది లేకపోతే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చదును రోడ్డు మీద ఇంజనుకు శ్రమ తక్కువ, నీళ్లు రెండు దారులా పోయినా అతిచల్లగా ఉంటుంది. కొండ మీద అసలే వేడి ఎక్కువ, సగం నీళ్లు చల్లబడకుండానే తిరిగొస్తాయి. అలా అనుకుంటే రెండూ కుదురుతాయి. బొమ్మ చూస్తున్నంతసేపు నాకు అర్థమైనట్టే ఉంది. బావకు చెప్పబోతే మధ్యలో బాణం గుర్తులు కలగాపులగమైపోయాయి, చెరిపేశాను.

కొత్తదాన్నే పెట్టాం. దాని అంచులో చిన్న గాలి రంధ్రం ఉంటుంది, అది పైకి ఉండాలని పెట్టె మీద బొమ్మలో ఉంది. బావ కిందికి పెట్టాడు, నేను తీయించి మళ్లీ పెట్టించాను. మూత అంచుల మీద లీకు కాకుండా వేసే పాత గ్యాస్కెట్టు ముక్కలు గీకి, కొత్త రబ్బరు రింగు వేసి, రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాం. తుప్పు నీళ్లకు బదులు, ఇంజనును చల్లబరిచే కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సమపాళ్లలో కొలిచి పోశాను. రేడియేటరు మూత రబ్బరు పగిలి ఉంటే అదీ కొత్తది బిగించాం.

ఇంజను ఆన్ చేశాను. ముల్లు అడుగు గీత తాకింది. ఆగలేదు. దాటింది. ఎనిమిదేళ్లలో ఆ కొండ మీద తప్ప నేనెప్పుడూ చూడని చోటుకు పోతోంది. దిగి పై గొట్టం పట్టుకున్నాను. మంచులా చల్లగా ఉంది! లోపల ఇంజను కాలుతుంటే గొట్టం చల్లగా ఉండడమేమిటి? పరుగున వెళ్లి తాళం తిప్పేశాను.

"ఎందుకాపీసినావే?"

"ముల్లు లెగిసిపోతంది బావా!"

"లెగాలి."

"ఎక్కడి దాకా లెగాలి?"

"ఏమో మరి. నీ బండిలో లెగిసింది నానెప్పుడు సూసినాను?"

మళ్లీ ఆన్ చేశాం. ఈసారి బావ ముల్లు చూస్తూ చెప్తానన్నాడు, నేను గొట్టం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. చల్లగానే ఉంది. బావ "సగం" అన్నాడు. చల్లగానే ఉంది. తాళం తిప్పమని అరవబోతుండగా అరచేతి కింద గొట్టం ఒక్కసారి బిగిసి, బుగ్గ కదిలినట్టు కదిలి, వెచ్చనైంది. క్షణంలో చెయ్యి పెట్టలేనంత వేడి. లోపల తలుపు తెరుచుకుంది. బావ "ఆగిపోనాది, సగంలోనే ఆగిపోనాది," అన్నాడు. అది మంచి వార్తో చెడ్డ వార్తో ఇద్దరికీ తెలియదు.

శనివారం పొద్దున్న తమ్ముడు రెండు పెద్ద సీసాల నీళ్లు పట్టుకుని వచ్చాడు. అప్ప తలుపు పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వెనక తమ్ముడు, బావ. ఊరు దాటి కొండ మొదలు కాకముందే ముల్లు మధ్యకు వచ్చింది. తమ్ముడు రెండు సీట్ల మధ్యలోంచి తల పెట్టి చూస్తున్నాడు.

"సిన్నప్పా, ఆపు. అప్పుడే సగానికి వచ్చీసింది. ఇంకా కొండే ఎక్కనేదు."

"అది ఉండవలసిన చోటే."

"ఎవలు సెప్పినారు? ఇన్నాళ్లూ నువ్వేటి సెప్పినావు? అడుగునుంటే మంచిదన్నావు. నా బండిలో సగానికి ఉన్నాదని ఎక్కిరించినావు!"

వాడన్నది నిజం. ఆపితే ఒప్పందం ప్రకారం బండి పోయినట్టే. ఆపకుండా ఉండడానికి నా దగ్గరున్నది ఆ పాల గిన్నెలో చూసిన ఎనభై రెండు, అరచేతి కింద కదిలిన గొట్టం, అంతే. ఆ రెండూ వాడు చూడలేదు.

"ఒరే, ముల్లు ఎక్కడుందో సూడకు. కదుల్తందా నేదా, అది సూడు. కదిలితే సెప్పు, ఆపీస్తాను."

వాడు కదలకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మొదటి మలుపులు దాటాం. అప్ప జాంపళ్లు అమ్మేవాళ్లు ఇంకా రాలేదేమిటని అడుగుతోంది. మార్చిలో ఆగిపోయిన కల్వర్టు దగ్గర సరిగ్గా మా ముందు ఒక లారీ పడింది. ఫస్టు గేరులో దాని వెనక పాకుతూ వెళ్లాం. ముల్లు వెంట్రుకవాసి లేచింది.

"కదిలింది," అన్నాడు తమ్ముడు.

ఆపేస్తానన్నాను కదా. పక్కకు తీయడానికి చోటు కల్వర్టు దగ్గరే ఉంది, ఆ పొట్టి గోడ దగ్గరే. అప్ప ఆ గోడను చూసి, "నాను దిగనొరే," అంది. ఇండికేటరు వేశాను. అంతలో రేడియేటరు ఫ్యాను తిరగడం మొదలైన చప్పుడు వినిపించింది. బావ, "ఉండుండు," అన్నాడు. తమ్ముడు ముల్లునే చూస్తున్నాడు.

"దిగింది," అన్నాడు. కాసేపాగి, "మళ్లీ సగానికొచ్చి ఆగింది."

ఇండికేటరు తీసేశాను. తర్వాత దారంతా అప్ప జాంపళ్ల గురించే మాట్లాడింది.

అనంతగిరిలో ఆపగానే తమ్ముడు బానెట్ ఎత్తడానికి పరుగెత్తాడు. బావ వాడికి మూత చూపించి, "పీకింది నానే, ఎట్టిందీ నానే," అని చెప్తున్నాడు. ఆవిరి లేదు, కారిన చుక్క లేదు. వాళ్లు తలలు లోపల పెట్టి చూస్తుండగా అప్ప తలుపు తెరుచుకుని, చెయ్యానించి, ఎవరినీ పిలవకుండా లేచి నిలబడింది. జాంపళ్ల బుట్ట దగ్గరికి నడిచింది. తమ్ముడు బానెట్ దించి అప్పను చూశాడు. తర్వాత ఫోను తీశాడు.

"రేపు రావద్దండి. అమ్మట్లేదు. బాగయిపోనాదండి... ఎలాగంటే ఏటో మరి, నాకూ తెల్దు."

నాకు కూడా ఆ మాటే మిగిలింది. థెర్మోస్టాట్, కూలెంటు, రేడియేటరు మూత, మూడూ ఒకేసారి మార్చాం. ప్రయోగంలో ఒకసారికి ఒక్కటే మార్చాలని ఎంతమంది పిల్లలను కసిరానో. దేనివల్ల కొండ ఎక్కామో తేల్చాలంటే మళ్లీ ఒక్కొక్కటిగా పాతవి పెట్టి చూడాలి. పాత థెర్మోస్టాట్‌ను అప్ప అప్పటికే తిరిగి తెర అంచులో కుట్టేసింది, ఇవ్వనంది.

దిగివచ్చేటప్పుడు నేను బ్రేకులు, గేర్ల మీద ఉంటే తమ్ముడు ఇంకా సీట్ల మధ్యలోనే తల పెట్టుకుని ఉన్నాడు. దిగుడు దారిలో ముల్లు మధ్య నుంచి ఒక గింజంత కిందికి జారింది.

"సిన్నప్పా, కిందికి దిగతంది. ఇప్పుడు బయపడాలా?"

"ఉండరా, ఆలోసిస్తన్నాను," అన్నాను.